ఇన్‌చార్జి పెట్ట

నీలకొండాపురంలో ఆనందం తక్కువగా ఉందని ఆ ఊళ్ళో వాళ్ళకి తెలియదు. పైనుంచి ఒక సర్వే వచ్చి చెప్పేదాకా ఎవరి ఏడుపు వాళ్ళు హాయిగా ఏడుస్తూనే ఉన్నారు. ఆనందంలో ఊరికి ఆఖరి స్థానం వచ్చిందని తేలాక పురపాలక సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మనుషుల్ని సంతోషపెట్టాలంటే కుళాయిల్లోకి నీళ్ళు రావాలి, మురుగు కాలువల్లోంచి నీళ్ళు పోవాలి. రెండూ దీర్ఘకాలిక ప్రణాళికలో ఉన్నాయి. కనుక మొదటి విడతగా పెంపుడు జంతువుల్నీ పెరటి కోళ్ళనీ సంతోషపెట్టాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. వాటికి ఓటు లేదు కాబట్టి ఇందులో రాజకీయం ఉందని ఎవరూ అనలేరని చైర్మన్ గారు సెలవిచ్చారు.

పథకం పేరు ‘ప్రాణికోటి ప్రమోదం’. కొత్త విభాగం, కొత్త బోర్డు, సిబ్బందికి పసుపుపచ్చ ప్యాంట్లు. పసుపు ఆనందానికి చిహ్నమని ఎవరో నిపుణుడు చెప్పాడట. గుడ్డ ఒకే తానులోంచి చింపారు గనక పర్యవేక్షణాధికారి భానోజీరావు గారికీ, ఆయన వెనక ఫైళ్ళు మోసే జూనియర్ అసిస్టెంటు సత్తిరాజుకీ ఒకే రంగు, ఒకే కుట్టు. ఇద్దరూ కలిసి వస్తుంటే అరటిగెల నడిచొస్తున్నట్టుండేది.

ఇంటింటికీ వెళ్ళడం, ప్రాణిని పరీక్షించడం, గేటు మీద బొమ్మ అంటించడం. ఆనందంగా ఉంటే నవ్వే పచ్చబొమ్మ, లేకపోతే ఏడ్చే ఎర్రబొమ్మ. కుక్కలన్నీ మొదటి వారంలోనే ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణమయ్యాయి. తోకాడిస్తే చాలు. కిందటి నెలలో దొంగలకి కూడా తోకాడించి వాళ్ళని వీధి మలుపు దాకా సాగనంపిన రంగబాబు గారి కుక్క పట్టణానికే ప్రథమంగా వచ్చింది. పిల్లుల దగ్గర ఇబ్బంది వచ్చింది. పిల్లి తోకాడిస్తోందంటే దానికి చిరాకేసిందని అర్థం. ఆ సంగతి మార్గదర్శకాల్లో లేదు. అందుకని చిరాకుపడ్డ పిల్లులన్నిటికీ పచ్చబొమ్మలిచ్చి, ఎండలో ఒళ్ళు విరుచుకుని హాయిగా పడుకున్న పిల్లుల్ని సాంఘిక నైపుణ్యాల శిక్షణకి పట్టుకుపోయారు. టైలరు బాషా గారి గాజుతొట్టెలో చేపలు ‘అభిప్రాయం చెప్పుటకు నిరాకరించినవి’ అని రాసుకున్నారు.

ఇందుమతి ఇదంతా గోడ మీంచి చూస్తూనే ఉంది. ఆవిడ జువాలజీలో డిగ్రీ చేసి, పెళ్ళయ్యాక ఆ చదువుని ఒక పెరటి మీదా, కొన్ని కోళ్ళ మీదా, అత్తగారు వెంకాయమ్మ మీదా ప్రయోగిస్తూ వచ్చిన మనిషి. ప్రయోగాలు కోళ్ళ దగ్గర ఫలించాయి.

ఆ ఏడు ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి వీధిలో గూళ్ళన్నీ ఊడ్చిపెట్టేసింది. మెడలు వాలేసి, కూసిన కోడి కూసినట్టే పోయింది. ఇందుమతి ఇంట్లో మిగిలింది నలుపూ ఎరుపూ పసుపూ ఈకలు కలిసిన ఒక్క కౌజుపెట్ట. వీధి మొత్తాన్ని నిద్రలేపే ఎర్ర డేగపుంజు కూడా ఆఖర్న పోయింది. అది పోయే ముందు వారం పెట్టలు పెట్టిన గుడ్లే ఇప్పుడు కౌజు కింద ఉన్నాయి. అవి పిల్లలైతేనే వీధిలో మళ్ళీ కోడి కూస్తుంది. చుట్టుపక్కల ఇళ్ళ వాళ్ళు ఎవరికి పుంజు, ఎవరికి పెట్ట అని అప్పుడే గొడవలు కూడా పడ్డారు. ఇందుమతి వెడల్పాటి బుట్టలో ఊక పోసి, గుడ్లు పేర్చి, ఉరుములకి చెడకుండా అత్తగారు చెప్పినట్టు ఒక ఇనపమేకు, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ పక్కన పెట్టి కౌజుని కూర్చోబెట్టింది. రెండు వారాలు సజావుగా గడిచాయి. ఇంకో వారం గడిస్తే చాలు.

అప్పుడొచ్చింది అరటిగెల.

“ఈ ప్రాణి లేచి రాదేమిటి?” అన్నారు భానోజీరావు గారు వసారాలోకి వంగి చూస్తూ.

“పొదుగు మీదుందండి,” అంది ఇందుమతి.

“ఆ పదం మా మార్గదర్శకాల్లో లేదు మేడమ్. లక్షణాలు సెలవియ్యండి. ఆహారం ఎలా స్వీకరిస్తోంది?”

“రోజుకోసారి లేచి నాలుగు గింజలు తింటుంది. నీళ్ళు తాగి, బూడిదలో పొర్లి, మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.”

“ఆహారం పట్ల విముఖత,” అన్నారాయన. సత్తిరాజు రాసుకున్నాడు. “తోటివారితో సంభాషణ?”

అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న వెంకాయమ్మ అందుకుంది. “దగ్గరకెళ్ళి పలకరించు బాబూ. మాటాడ్డం, పొడవడం రెండూ ఒకేసారి అయిపోద్ది.”

భానోజీరావు గారు వేలు చాపారు. కౌజు రోకలిబండలా ఉన్నది కాస్తా ఈకలన్నీ విప్పి బూరెలగంపంత అయ్యింది. ‘కుర్‌ర్’ మంది. వేలు మీద ఎర్రచుక్క తేలింది.

“ఎదుటివారిపై దాడి చేసే ధోరణి,” అన్నారాయన వేలు నోట్లో పెట్టుకుంటూ. “అదేమిటి, రొమ్ము మీద ఈకలు లేవు?”

“గుడ్లకి ఒంటివేడి తగలాలని తనే పీక్కుంటుందండి.”

“స్వీయహింస! రాయవయ్యా.”

“హింస కాదండి. అన్ని పెట్టలూ…”

“బాధితులు ఎప్పుడూ ఏదో ఒక కారణం చెబుతారు మేడమ్. మేం దాన్ని దాటి చూడాలి.” అంటూ చూసిన ఆయనకి మేకు కనబడింది. మొహం పాలిపోయింది. “మానసికంగా కుంగిపోయిన ప్రాణి పడకలో మేకా?”

“ఉరుములకి బాబూ,” అంది వెంకాయమ్మ. “మా అత్త పెట్టింది, నేను పెట్టాను, ఇది పెట్టింది. ఇన్నేళ్ళలో ఏ కోడీ మేకుతో పొడుచుకు చావలేదు.”

మేకుని రుమాల్లో చుట్టి స్వాధీనం చేసుకున్నారు. గేటుకి ఎర్రబొమ్మ అంటించారు. తీవ్ర విషాదం, రేపు ఉల్లాస పునరుద్ధరణ కేంద్రానికి తరలింపు.

“ఒక్క వారం ఆగండి సార్. ఇప్పుడు దీన్ని లేపితే గుడ్లన్నీ చల్లారి చచ్చిపోతాయి. పిల్లలు కానివ్వండి, ఊరంతా వినబడేలా ఆనందిస్తుంది,” అని బతిమాలింది ఇందుమతి.

“వారం రోజులు ఒక ప్రాణిని విషాదంలో వదిలేస్తే ఊరి సగటు ఏం కావాలి మేడమ్?” అన్నారాయన నిజంగానే బాధపడుతూ.

ఆ సాయంత్రం పప్పు రుబ్బుతూ ఇందుమతి ఆలోచించింది. కోడి సంగతులు చెబితే వీళ్ళకి ఎక్కదు. వీళ్ళ సంగతులు చెబితే ఎక్కొచ్చు. తెల్లారి వ్యాను వచ్చి ఆగేసరికి ఆవిడ చేతిలో టార్చిలైటు ఉంది.

“సార్, ఒకసారి వంటింట్లోకి రండి.” తలుపులు మూసి ఒక గుడ్డుని లైటు మీద పెట్టింది. గుడ్డు ఎర్రగా వెలిగింది. లోపల దారాల్లాంటి నరాలు, మధ్యలో నల్లగా ఒక ముద్ద. ఆ ముద్ద కదిలింది.

భానోజీరావు గారు ఉద్యోగంలో చేరాక మొదటిసారి మార్గదర్శకాల్లో లేనిదాన్ని వంగి చూశారు.

“ఇదీ మీ పథకం కిందకొచ్చే ప్రాణే కదండీ,” అంది ఇందుమతి మెల్లిగా. “ఆ పెట్ట ఇక్కడ ఊరికే కూర్చోలేదు, బాధ్యతల్లో ఉంది. దాన్ని తప్పించి ఆ స్థానం ఖాళీగా వదిలేస్తే ఇవి విభాగం చేతుల్లో పోయాయని రాసుకోవాల్సొస్తుంది. పాపం, మీకెందుకా మచ్చ?”

దెబ్బ తగిలింది. తగలవలసిన చోటే తగిలింది. వంటింట్లోంచి బయటికొచ్చిన ఆయన పెట్టని చూసి, వ్యానుని చూసి, చిట్టచివరికి సత్తిరాజుని చూశారు.

“మా సర్వీసులో ఏ స్థానమూ ఖాళీగా ఉండదు మేడమ్,” అన్నారు గంభీరంగా. “రాసుకోవయ్యా. కౌజుపెట్ట వైద్య సెలవుపై వెళ్ళుచున్నందున, పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా, సదరు స్థానమునందు జూనియర్ అసిస్టెంటు శ్రీ సత్తిరాజు తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు పూర్తి అదనపు బాధ్యతలతో కూర్చుండవలెను.”

సత్తిరాజు ‘కూర్చుండవలెను’ దాకా రాసి ఆగిపోయాడు. నలభై దాటిన మనిషి. మోకాళ్ళ నొప్పులు.

“నేనాండీ? నాకు వృద్ధాప్య పింఛన్ల సీటు కూడా ఉందండి.”

“అందుకే అదనపు బాధ్యతలన్నాం.”

ఇందుమతి నాలిక కరుచుకుంది. కోడిని ఉంచేస్తారనుకుంటే మనిషిని ఇచ్చి వెళ్తున్నారు. బోనులో పెట్టిన కౌజు వీధి చివరిదాకా అరుస్తూ పోయింది. బుట్టలో గుడ్లు చల్లారడం మొదలుపెట్టాయి.

“సత్తిరాజు గారూ, ముందు కూర్చోండి. తర్వాత బాధపడుదురుగాని,” అందావిడ.

పీట వేసింది. ఒళ్ళో బుట్ట పెట్టింది. ఊక కింద వేడినీళ్ళ సంచి, పైన అత్తగారి ఉన్ని శాలువా, మధ్యలో ఇంట్లో వాళ్ళకి జ్వరమొస్తే పెట్టే ధర్మామీటరు. గుడ్లకి ఒక పక్క పెన్సిల్‌తో గీత గీసి, “పొద్దున గీత పైకి, సాయంత్రం గీత కిందకి. తిప్పడం మర్చిపోతే పిల్ల పెంకుకి అంటుకుపోతుంది,” అని చెప్పింది. పోయిన మేకుకి బదులు వెంకాయమ్మ కొత్త మేకు తెచ్చి బుట్టలో గుచ్చింది.

మొదటిరోజు వీధి వీధంతా వచ్చి చూసింది.

“ఏమండీ సత్తిరాజు గారూ, ఎన్ని పెట్టారు?” అంది పక్కింటి దుర్గాంబ.

“పెట్టింది నేను కాదండి. పొదగడం వరకే నా పరిధి,” అన్నాడు సత్తిరాజు వినయంగా.

పింఛను ముసలాళ్ళు ఆఫీసు మానేసి పెరటికొచ్చి వరసకట్టారు. ఒక చెయ్యి శాలువాలో, ఒక చెయ్యి బయట పెట్టి ఆయన సంతకాలు చేసేవాడు. పని ఆఫీసులో కన్నా తొందరగా అవుతోందని వాళ్ళు మెచ్చుకున్నారు. సీట్లోంచి లేవకపోవడమే కారణమై ఉంటుందని ఇందుమతి అనుకుంది.

రెండోరోజు మోకాళ్ళ గురించి సణిగాడు. మూడోరోజు సణగలేదు. ఇందుమతి టిఫిను పెడితే “లేస్తే చల్లారిపోతాయండి, నాలుగు మెతుకులు ఇక్కడికే పడెయ్యండి” అన్నాడు. ఆయన భార్య కారియరుతో వచ్చి ఇంటికెప్పుడొస్తారని అడిగితే “పిల్లలయ్యాక” అని మొహం తిప్పేసుకున్నాడు. ఆవిడ ఇందుమతి వంక చూసిన చూపు అంత బాగాలేదు. మరునాడు రంగబాబు గారి కుక్క పచ్చబొమ్మ ధైర్యంతో పెరట్లోకి వచ్చి బుట్ట వాసన చూడబోతే, సత్తిరాజు శాలువా రెండు చేతులా విప్పి, ఒళ్ళంతా పొంగించి ‘ఉష్‌ష్’ అన్నాడు. పట్టణ ప్రథమ విజేత తోక ముడుచుకుని గోడ దూకింది.

“అమ్మాయ్,” అంది వెంకాయమ్మ గొంతు తగ్గించి, “పొదుగెక్కేశాడే.”

కేంద్రం నుంచి కబుర్లు సత్తిరాజు ఫోనుకి వస్తూ ఉండేవి. కౌజుకి ఉదయం వీణ వినిపిస్తున్నారు. తోడుగా ఉంటుందని అద్దం పెట్టారు. గోడకి పచ్చిక బయళ్ళ బొమ్మ వేశారు. రోగిలో మార్పు లేదు. సలహాదారు గారి టోపీ కనబడితే టోపీలో కూర్చుంది. టోపీ లాగేస్తే బల్లమీది పేపరువెయిట్ల మీద కూర్చుంది. విదేశాల్లో చదివొచ్చిన సలహాదారు ఈ కేసు చాలా లోతైనదని తేల్చారు. ఆఖరికి నేల కడిగే మనిషి తెలియక ఒక బకెట్టు చన్నీళ్ళు కుమ్మరిస్తే కౌజు నిలువునా తడిసి, ఒళ్ళు దులుపుకుని, సాయంత్రానికల్లా గింజలు తిని కేరింతలు కొట్టింది. ‘జలోల్లాస చికిత్స’ అని పేరు పెట్టి పై ఆఫీసుకి నివేదిక పంపించారు.

“పొదుగు మాన్పించాలంటే నీళ్ళలో ముంచుతారని నన్నడిగితే చెప్పనా?” అంది వెంకాయమ్మ.

ఇందుమతి బుట్ట వైపు చూసింది. పొదుగు దిగిపోయిన పెట్ట పిల్లల్ని దగ్గరికి రానివ్వదు. గుడ్లు గట్టెక్కినా, తల్లి లేకుండా పిల్లలు బతకడం కష్టం. మీద కాకులు, కింద పిల్లులు. అందులోనూ శిక్షణ పొందిన పిల్లులు.

ఆ మధ్యాహ్నమే సత్తిరాజు “అమ్మా! అమ్మగారూ!” అని అరిచాడు. ఇందుమతి పరుగెత్తింది. ఆయన ఒక గుడ్డుని చెవి దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. “లోపల్నుంచి పిలుస్తోందండి.”

తెల్లారేసరికి పెంకులు పగిలాయి. రెండు గుడ్లు మురిగాయి, మిగతావన్నీ పిల్లలయ్యాయి. ఒకదానికి వీపు మీద ఎర్రటి చార ఉంది, అచ్చం డేగపుంజు పోలిక. శాలువా తొలగించగానే అవి ప్రపంచంలో మొట్టమొదట చూసింది పసుపుపచ్చ ప్యాంటు. వాటి ఒళ్ళు ఆరాక, సత్తిరాజు లేచి నాలుగడుగులు వేస్తే, ‘కియ్ కియ్’ మంటూ ప్యాంటు అంచు పట్టుకుని నాలుగడుగులు వేశాయి. ఆయన గింజల దగ్గర వేలుతో టకటకా కొడితే చుట్టూ చేరి ఏరుకున్నాయి. ఆకాశంలో గద్ద నీడ కదిలితే ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, పిల్లలన్నీ శాలువా కిందకి దూరిపోయాయి. ఆ శబ్దం ఆయనకి ఎవరూ నేర్పలేదు.

ఆ మర్నాడు పొద్దు వాలే వేళకి భానోజీరావు గారు వ్యానులో కౌజుని తీసుకొచ్చారు. దాని కాలికి పచ్చబిళ్ళ. నేల మీద వదలగానే అది ఎవరినీ చూడకుండా పెంటకుప్ప దగ్గరికి పరుగెత్తింది. ఎర్రచార పిల్ల వెనకాలే వెళ్తే నెత్తి మీద ఒక్కటి పొడిచి తన దారిన తను పోయింది. పిల్ల గిరగిరా తిరుగుతూ వచ్చి సత్తిరాజు కాళ్ళ సందున దూరింది.

“చూశారా ఆ ఉల్లాసం! బాధ్యతల బరువు ఎక్కడైనా కనిపిస్తోందా?” అన్నారు భానోజీరావు గారు. “సత్తిరాజూ, అసలు ఉద్యోగి విధుల్లో చేరినారు గనక చార్జి అప్పగించెయ్.”

సత్తిరాజు కదల్లేదు. గడ్డం మాసింది, కళ్ళు గుంటలు పడ్డాయి, శాలువా ఒళ్ళంతా కప్పుకుని పీట మీద ఉబ్బి కూర్చున్నాడు.

“నిన్నేనయ్యా. భోంచేశావా అసలు?”

“నాలుగు మెతుకులు తిన్నానండి.”

“ఇంటికెళ్ళి ఎన్నాళ్ళయింది? ఎవరితోనైనా మాట్లాడుతున్నావా?” అంటూ ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోయారు. సత్తిరాజు శాలువా విప్పి ‘ఉష్‌ష్’ అని, చాచిన చేతిని ఫట్టుమని కొట్టాడు.

భానోజీరావు గారు చెయ్యి వెనక్కి తీసుకుని, మార్గదర్శకాలు మనసులో ఒకసారి తిరగేసుకున్నారు. ఆహార విముఖత. ఏకాంతవాసం. దాడి ధోరణి. ఆయన నిజాయితీపరుడు. కోడికొక న్యాయం, మనిషికొక న్యాయం చెయ్యలేని మనిషి.

“ఇది విషాదం,” అన్నారు. “తీవ్ర విషాదం. ఎక్కించండి. నేను కాయితాలు చూసుకుని వస్తాను.”

డ్రైవరూ, వ్యానులో వచ్చిన ఇంకొకాయనా సత్తిరాజుని రెక్కలు పట్టుకుని లేవదీశారు. ఆయన వీధి చివరిదాకా అరుస్తూ పోయాడు. “అమ్మగారూ! చీకటి పడకముందే గంప కింద పెట్టండమ్మా! ఎర్రదానికి చలెక్కువ!”

వ్యాను వెనక పరుగెత్తిన పిల్లలకి అడ్డంగా ఇందుమతి కాలితో గేటు మూసింది. అవి గేటు దగ్గర ఏడ్చి, వెనక్కి తిరిగాయి. పెరట్లో ఇంకో పసుపుపచ్చ ప్యాంటు నిలబడి ఉంది.

ఒక్క పరుగున వచ్చి భానోజీరావు గారి కాళ్ళు చుట్టేశాయి. ఆయన ఎడమకి జరిగితే ఎడమకి జరిగాయి. కుడికి జరిగితే కుడికి. ఆయన పెద్ద అంగలేసి గోడ వారకి వెళ్ళిపోతే మధ్యలో ఆగిపోయి గొంతు చించుకుని ఏడ్చాయి.

వెంకాయమ్మ కోడలి చెవిలో అంది. “నీ పసుపుచీర కట్టుకో గదే, నీ వెనకే వచ్చేస్తాయి.”

“అత్తయ్యా, ఊరుకోండి,” అంది ఇందుమతి.

తర్వాత చాలా మర్యాదగా భానోజీరావు గారి వైపు తిరిగింది. “సార్, ఇవి ఏడుస్తున్నాయి. ఎర్రబొమ్మలు ఒక్కొక్కదానికీ వేస్తారా, అన్నిటికీ కలిపి ఒకటి వేస్తారా? ఒకే ఇంట్లో ఒకేరోజు ఇన్ని విషాదాలంటే ఊరి సగటు…”

ఆయన నుదురు తుడుచుకున్నారు. “పెట్టని ఇచ్చేశాం కదా మేడమ్.”

“అది చాలా ఆనందంగా ఉందండి. మళ్ళీ బాధ్యతలు పెట్టి దాని ఆనందం చెడగొట్టమంటారా?”

పెంటకుప్ప మీంచి కౌజు కేరింత వినబడింది.

“ఈ స్థానం ఇప్పుడు ఖాళీ అయ్యిందండి,” అంది ఇందుమతి. “మీ సర్వీసులో ఏ స్థానమూ ఖాళీగా ఉండదని మీరే సెలవిచ్చారు.”

భానోజీరావు గారు చుట్టూ చూశారు. కిందిస్థాయి ఉద్యోగులు ఒక్కరూ లేరు. “పై అధికారి ఉత్తర్వులు లేకుండా…”

“ఇక్కడ పై అధికారి మీరే కదండీ.”

ఆయన జేబులోంచి కలం తీసి, తన పేరున తనే ఒక ఉత్తర్వు రాసుకుని, కింద తనే సంతకం చేసి, అది అందినట్టు ఇంకో సంతకం కూడా చేశారు. పీట మీద నెమ్మదిగా కూర్చున్నారు. ఏడుపు ఆగిపోయింది. పిల్లలు ఒక్కొక్కటే ఆయన మోకాళ్ళ కిందకి, చొక్కా మడతల్లోకి దూరాయి. ఎర్రచారది జేబులోకి ఎక్కి కలం పక్కన తల పెట్టుకుని కళ్ళు మూసింది. ఆయన అటూ ఇటూ చూసి, ఎవరూ చూడటం లేదనుకుని, సత్తిరాజు ఒంటి మీంచి పీట పక్కన జారిన శాలువా లాగి దానికి కప్పారు.

చీకటి పడుతోంది. వెంకాయమ్మ కోళ్ళని మూసే గంప పట్టుకుని వచ్చింది. పిల్లల వంక చూసింది, భానోజీరావు గారి వంక చూసింది, గంపని ఆయన తల పక్కన పెట్టి కొలత చూసుకుంది.

“అమ్మాయ్,” అని కేకేసింది, “ఇది సాలదు గానీ, గేదెకి గడ్డి మోసే పెద్దగంప తే.”